ఎగువన గని, దిగువన నీళ్లు: చిన్న ఆదివాసీ ప్రభుత్వం అభ్యంతరానికి అంత బలం ఉండాలా?

ఏటిగట్టు:
బ్యాటరీ ఖనిజాల మీద జరిగిన చర్చలో ఇద్దరు ముగ్గురు ఫాన్ డు లాక్ పేరెత్తి, "అభివృద్ధికి అడ్డుపుల్ల" అన్నారు. ఆ మాట అక్కడే వదిలేయడం నాకు ఇష్టం లేదు, అందుకే విడిగా పెడుతున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో మిన్నెసోటా ఉత్తరాన నార్త్‌మెట్ అనే రాగి, నికెల్ గని తవ్వాలనుకున్నారు. అందుకోసం 900 ఎకరాలకు పైగా చిత్తడి నేలలు పోతాయి. 2019లో చిత్తడి నేలల అనుమతులు చూసే కేంద్ర సంస్థ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ అనుమతి ఇచ్చింది. నది వెంట 100 మైళ్లకు పైగా దిగువన ఫాన్ డు లాక్ అనే ఓజిబ్వే తెగ ఉంటుంది. ఆ నేలల్ని కదిలిస్తే బయటపడే పాదరసం సెయింట్ లూయిస్ నదిలో కలుస్తుందని, తమ నీటి ప్రమాణాలు దాటిపోతాయని ఆ తెగ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2023 జూన్‌లో ఆర్మీ కోర్ ఆ అనుమతిని రద్దు చేసింది.

రాష్ట్రం సరేనన్న గనిని దిగువనున్న ఒక చిన్న తెగ ఆపగలగడం న్యాయమేనా? న్యాయమే అంటాను. ఎందుకంటే ఆ నీళ్లను కాపాడేందుకు రాష్ట్రం తన చేతిలో ఉన్న చట్టాన్ని, అంటే సల్ఫేట్ హద్దును, యాభై ఏళ్లపాటు దాదాపు వాడనే లేదు.

అక్కడి లోతులేని చెరువుల్లో, నిదానంగా పారే ఏళ్లలో మనోమిన్ పెరుగుతుంది. మార్కెట్లో వైల్డ్ రైస్ అని అమ్మేది ఈ గింజనే. నీళ్లమీద తిండి పండే చోటు దొరికేదాకా పడమటికి నడవమని పెద్దలు చెప్పారని, అది దొరికిందనే ఇక్కడ ఆగామని ఓజిబ్వేలు చెప్పుకుంటారు. జూన్ వచ్చేసరికి ఆకులు రిబ్బన్లలా నీటి మీద పరుచుకుంటాయి. ఆ దశలో నీటిమట్టం కాస్త పెరిగినా మొక్క వేళ్లతో సహా ఊడి వచ్చేస్తుంది. ఆగస్టు చివరా సెప్టెంబరులో కోత. పడవకి ఇద్దరు. ఒకరు గడ వేస్తారు. రెండోవాళ్లు ఒక కర్రతో కంకుల్ని పడవలోకి వంచి, ఇంకో కర్రతో మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, కొంత నీళ్లలో పడుతుంది. ఏటేటా విత్తనం నుంచే మొలిచే మొక్క కాబట్టి నీళ్లలో పడ్డదే రాబోయే పంటకు విత్తు.

గనుల నుంచి నీళ్లలోకి చేరే లవణం సల్ఫేట్. అది ఎక్కువున్న నీళ్లలో ఈ మొక్క పెద్దగా పెరగడం లేదని జాన్ మోయిల్ అనే శాస్త్రవేత్త 1930లు, 40లలో చెరువులు తిరిగి గమనించాడు. దాని ఆధారంగానే 1973లో రాష్ట్రం లీటరుకు 10 మిల్లీగ్రాముల సల్ఫేట్ హద్దు పెట్టింది. ఆ తరువాత అనుమతి పత్రాల్లో ఆ అంకె కనబడింది అరుదు. 2015లో శాసనసభ దాని అమలుకే కళ్లెం వేసింది. 2017లో కాలుష్య నియంత్రణ సంస్థ ఒక్కో చెరువుకి ఒక్కో లెక్క కట్టే కొత్త సూత్రం తెచ్చింది, తెగలు వ్యతిరేకించాయి, 2018 జనవరిలో పరిపాలనా న్యాయమూర్తి దాన్ని తోసిపుచ్చారు. చివరికి 2021లో కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ కలగజేసుకుని, రాష్ట్రం వదిలేసిన 30కి పైగా మనోమిన్ జలాలను తనే చెడిపోయిన వాటి జాబితాలో చేర్చాల్సి వచ్చింది. ఇంత జరిగాక కూడా "రాష్ట్రం చూసుకుంటుంది, మీరు ఊరుకోండి" అని వాళ్లకి ఎలా చెప్పమంటారు?

తవ్వకం:
ఏటిగట్టు గారూ, మీ బాధ అర్థమైంది. నేను గనుల రంగంలో పనిచేసేవాణ్ణి, నా వైపు నుంచి కూడా వినండి.

అమెరికాలో నికెల్ తవ్వుతున్న గని మిషిగన్‌లో ఒకే ఒక్కటి ఉంది, ఈగిల్ గని. మిగతా నికెల్ అంతా ఎక్కడి నుంచి రావాలి? ప్రపంచంలో ఎక్కువ నికెల్ ఇండోనేషియాలో అడవులు నరికి తీస్తున్నదే. ఇక్కడ వద్దన్న గని భూమ్మీద లేకుండా పోదు, నియమాలు ఇంకా వదులుగా ఉన్నచోటికి పోతుంది. అక్కడా నది ఉంటుంది, అక్కడా ఆదివాసులుంటారు.

రెండో సంగతి. మనోమిన్ తగ్గడానికి సల్ఫేట్ ఒక్కటే కారణమా? ఆనకట్టలు నీటిమట్టాన్ని మార్చాయి, ఒడ్డున ఇళ్లు కట్టుకున్నవాళ్లు నాచు పీకేస్తూ దీన్నీ పీకేశారు, వాతావరణం మారింది. అన్నీ వదిలేసి గని మీదే పడటం సులువు. ఈ కంపెనీ రివర్స్ ఆస్మోసిస్ (ఆర్‌ఓ, సన్నటి పొర గుండా నీళ్లు వడకట్టే పద్ధతి) పెట్టి ఆ 10 హద్దుకు లోబడతామనే చెప్పింది కదా. 57 లక్షల జనాభా ఉన్న రాష్ట్రం ఏళ్ల తరబడి పరిశీలించి ఇచ్చిన అనుమతిని కొన్ని వేల మంది ఆపగలిగితే ఓటుకు విలువేముంది? ఇనుప గనుల మీద బతికే ఊళ్లలో బడులు మూతపడుతున్నాయి. వాళ్లూ మనుషులే.

జలశుద్ధి:
ఆర్‌ఓ మాట వచ్చింది కాబట్టి చెబుతాను, నా ఉద్యోగమే అది. నీటిని శుద్ధి చేసే ప్లాంటులో ఉంటాను.

ఆర్‌ఓతో సల్ఫేట్‌ని 10 కిందికి తేవచ్చు, సందేహం లేదు. కానీ పొర దగ్గర నీళ్లు రెండుగా చీలతాయి. ఒక పాయ శుభ్రమైన నీళ్లు, రెండోది ఉప్పంతా పేరుకున్న చిక్కటి నీళ్లు. ఆ రెండోదాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు తలనొప్పి. మరిగించి ఘనపదార్థంగా మార్చాలంటే కరెంటు ఖర్చు విపరీతం. పొరలు మూసుకుపోతాయి, మార్చుతూ ఉండాలి. మనుషులుండాలి, జీతాలుండాలి. ఎన్నేళ్లు? నార్త్‌మెట్ పర్యావరణ నివేదిక 2013 ముసాయిదాలో వాళ్ల నమూనా లెక్క ఏం చెప్పిందంటే, గని దగ్గర కనీసం 200 ఏళ్లు, ఖనిజాన్ని శుద్ధి చేసే కర్మాగారం దగ్గర కనీసం 500 ఏళ్లు. గని నడిచేది సుమారు 20 ఏళ్లు. అంతకాలం నిలిచిన కంపెనీని నేను చూడలేదు. డిపాజిట్ కట్టించుకున్నా 300 ఏళ్ల తరువాత ఆ డబ్బు ఏ మూలకు?

అయితే తవ్వకం గారు చెప్పని ఒక ఇబ్బందిని నేనే చెబుతాను. ఆ 10 హద్దు అమలైతే గనులతోపాటు చిన్న మున్సిపాలిటీల మురుగు శుద్ధి కేంద్రాలకీ వర్తిస్తుంది. రెండు వేల జనాభా ఉన్న ఊరు ఆర్‌ఓ పెట్టుకోలేదు, ఇంటింటికీ బిల్లు మోత మోగుతుంది. ఈ భయం నిజమైనది. దాన్ని కొట్టిపారేయొద్దు.

ఏటిగట్టు:
కొట్టిపారేయను. కానీ ఆ చిన్న ఊరి బిల్లును ముందు పెట్టి పెద్ద గనులు తమ బిల్లును దాచుకుంటున్నాయి, నా అభ్యంతరం అక్కడ.

సల్ఫేట్ ఒక్కటే కారణమా అని అడిగారు. కాదు. కానీ అది చేసే పని వేరే రకం. నీళ్లలో ఉన్నంతసేపు సల్ఫేట్ మొక్కను పెద్దగా ఏమీ అనదు. అడుగున గాలి తగలని బురదలోకి దిగాక అక్కడి బాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. అదే విషం. బురదలో ఇనుము ఉంటే కొంత సల్ఫైడ్‌ని పట్టేసుకుంటుంది, అందుకే 2017లో ఇనుమును బట్టి చెరువుకో లెక్క అన్నారు. ఆ ఇనుము ఏం చేస్తుందో వేర్ల మీదే కనబడింది. ఆరోగ్యంగా ఉన్న మనోమిన్ వేర్లు ఇనుప తుప్పుతో నారింజ రంగులో ఉంటాయి. సల్ఫేట్ ఎక్కువైన నీళ్లలో పెంచిన మొక్కలకి, సరిగ్గా గింజ కట్టే రోజుల్లోనే, ఆ వేర్లు ఐరన్ సల్ఫైడ్ పూతతో నల్లబడ్డాయి. గింజలు తక్కువ, తేలిక. ఆకు పచ్చగానే ఉంటుంది కాబట్టి ఒడ్డున నిలబడి చూసేవాళ్లకి తేడా తెలియదు. కొన్నేళ్లకు విత్తనం అయిపోయి చెరువు ఖాళీ అయ్యాక తెలుస్తుంది.

అదే బాక్టీరియా ఇంకో పని కూడా చేస్తుంది. పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మార్చుతుంది, అది చేపల్లోకి ఎక్కుతుంది. పీట్ నేలలు, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలలు, వందల ఏళ్లుగా పాదరసాన్ని పట్టి ఉంచుతాయి. వాటిని ఎండగట్టి మళ్లీ తడిపితే అది కదులుతుంది. మిన్నెసోటా ఆరోగ్య శాఖ సుపీరియర్ సరస్సు పరీవాహక ప్రాంతంలోని నవజాత శిశువుల రక్తం పరీక్షిస్తే, మిన్నెసోటా పిల్లల్లో పదిమందిలో ఒకరికి పాదరసం సురక్షిత స్థాయి దాటి ఉందని 2011లో తేలింది. ఆ పిల్లలందరూ ఓజిబ్వేలు కారు. గని ఊళ్ల పిల్లలూ ఉండే ప్రాంతం అది. ఓటు విలువ అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఫాన్ డు లాక్ పోరాడింది వాళ్ల నీళ్ల కోసం కూడా.

దస్తావేజు:
కొన్ని వేల మంది ఆపేశారన్న మాట చట్టం ప్రకారం సరికాదు. కాస్త వివరంగా చెబుతాను.

1972 నాటి శుద్ధజల చట్టానికి 1987లో సవరణ వచ్చింది. అర్హత చూపిన తెగ ప్రభుత్వాన్ని నీటి ప్రమాణాల విషయంలో రాష్ట్రంతో సమానంగా చూడవచ్చన్నారు. న్యూ మెక్సికోలో రియో గ్రాండే నది ఒడ్డున ఇస్లేటా పువెబ్లో అనే తెగ 1992లో ఆ అర్హత పొంది, పూజల్లో వాడే నీళ్లకని గట్టి ప్రమాణాలు పెట్టింది. ఎగువనున్న అల్బుకర్కీ నగరం కోర్టుకెక్కింది, 1996లో అప్పీల్ కోర్టులో ఓడింది. విస్కాన్సిన్‌లోనూ మోల్ లేక్ తెగకు మనోమిన్ చెరువుంది, పైన క్రాండన్ గని ప్రతిపాదన. ఆ తెగకూ అదే అర్హత ఇచ్చినందుకు రాష్ట్రమే దావా వేసి 2001లో ఓడింది. 2003లో ఆ తెగ, పొరుగున ఉన్న ఫారెస్ట్ కౌంటీ పొటవాటమీ తెగ కలిసి 1.65 కోట్ల డాలర్లు పోసి ఆ గని స్థలాన్నే కొనేశాయి. గెలిచాక కూడా భయం పోలేదన్నమాట.

నార్త్‌మెట్ విషయంలో తెగకు వీటో లేదు. ఎగువ అనుమతి తన నీళ్లను చెడగొడుతుందని దిగువ ప్రభుత్వం అంటే ఈపీఏ సిఫారసుతో విచారణ జరగాలి, ఏ షరతుతోనైనా ప్రమాణం నిలబడుతుందా అని ఆర్మీ కోర్ చూడాలి. షరతు దొరికితే అనుమతి ఇవ్వొచ్చు. దొరకలేదు, అందుకే రద్దు. ఆ విచారణ కూడా ఊరికే రాలేదు. 2019లో కేంద్రం వాళ్లకి కబురే పెట్టలేదు, కోర్టుకెళ్లి సాధించుకున్నారు. పైగా ఆ గని స్థలం 1854 ఒప్పందంలో తెగలు అప్పగించిన భూమిలోది. భూమి ఇచ్చారు, వేటాడే, చేపలు పట్టే హక్కు ఉంచుకున్నారు. తినడానికి పనికిరాని చేపను పట్టుకునే హక్కు ఏం చేసుకోను?

తవ్వకం:
దస్తావేజు గారూ, వీటో కాదన్నది ఒప్పుకున్నాను. కానీ ఇవన్నీ కేంద్ర అనుమతి కావాల్సినచోటే కదా పనిచేసేది? 2023 మేలో సాకెట్ తీర్పు వచ్చింది. నేల పైన నీళ్లు ఎక్కడా విడిపోకుండా పెద్ద జలాలతో కలిసి ఉన్న చిత్తడి నేలలకే కేంద్ర చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది.

దస్తావేజు:
అవును, నా భయమూ అదే. కేంద్ర అనుమతే అక్కర్లేకపోతే దిగువ తెగకు ఆ విచారణ కూడా ఉండదు. రాష్ట్రానికి 1991 నుంచి సొంత చిత్తడి నేలల చట్టం ఉంది. కానీ కేంద్ర చట్టం ఇచ్చిన ఆ దిగువ ప్రభుత్వపు విచారణ హక్కు వేరు.

ఏటిగట్టు:
అయితే తవ్వకం గారూ, సూటిగా అడుగుతాను. రాష్ట్రమే 1973 హద్దును గనుల మీద నిజంగా అమలు చేస్తే మీకు అభ్యంతరమా?

తవ్వకం:
కొత్త గనికైతే లేదు. ఆ నీళ్లలోకి 10కి మించి వదలకూడదని ముందే రాసిపెట్టి, 500 ఏళ్ల ఖర్చు ముందే బ్యాంకులో కట్టమంటే కట్టగలిగిన గనే తవ్వుకుంటుంది. కట్టలేనిది తవ్వకూడదు. పాత ఇనుప గనులకి మాత్రం గడువు కావాలి, జలశుద్ధి గారు చెప్పిన చిన్న ఊళ్లకి రాష్ట్రం డబ్బివ్వాలి. ఆ రెండూ లేకుండా అమలు అంటే ఒప్పుకోను.

ఏటిగట్టు:
ఊళ్లకి డబ్బు, సరే. గడువు ఎంత? 1973 నుంచి ఇప్పటికే నడుస్తున్నది గడువే కదా. ఏడాది, తేదీ చెప్పండి, దాని మీద మాట్లాడదాం.