సైకిల్ తోలు సీటు: బ్రూక్స్ బీ17 నాకు సరిపోతుందా, స్ప్రింగులది తీసుకోవాలా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తాను, ఆదివారాలు నార్సింగి వైపు సైకిల్ ట్రాక్ మీద లాంగ్ రైడ్. ఇప్పుడున్న జెల్ సీటు మొదట మెత్తగానే ఉంటుంది. గంట దాటాక ఎముకల కింద జెల్ అణిగి మధ్యలో పొంగుతుంది, తిమ్మిరి మొదలు. అందుకే బ్రూక్స్ కంపెనీ తోలు సీటుకి మారాలనుకుంటున్నా.

అట్టముక్క మీద కూర్చుని కొలిచాను. కూర్చునే ఎముకలు చేసిన రెండు గుంటల మధ్య దూరం 130 మిల్లీమీటర్లు వచ్చింది. బీ17 వెడల్పు సుమారు 175, అందులోనే సన్న రకం న్యారో అయితే 150 దగ్గర. నా హ్యాండిల్ సీటు ఎత్తులోనే ఉంటుంది, కాస్త ముందుకి వంగి తొక్కుతాను. స్ప్రింగుల బీ67 నిటారుగా కూర్చునేవాళ్లకే నయమని నా అంచనా, నిజమేనా? మధ్యలో చీలిక ఉన్న ఇంపీరియల్‌తో తిమ్మిరి తగ్గినవాళ్లున్నారా?

అసలు బెంగ వాన. తడిసిన తోలు మీద కూర్చుంటే సాగిపోతుంది కదా. పైన కవర్ వేసినా వెనక చక్రం కింద నుంచి చిమ్మే నీళ్లకి ఏం చేస్తున్నారు? మడ్‌గార్డ్ ఒక్కటే సరిపోతుందా? తోలు ఒంటికి ఒదగడానికి ఎన్నాళ్లు పట్టింది, తోలుని లాగి పట్టే, సీటు ముక్కు కింది బోల్టు ఎప్పుడు బిగించాల్సి వచ్చింది? నా బరువు 78 కిలోలు. మన వానల్లో, మన చెమటలో వాడినవాళ్లు చెప్తే మరీ సంతోషం.