సైకిల్ ట్రాక్ ఉంటే అందులోనే తొక్కాలా? హైవే సర్వీసు రోడ్డు సంగతేంటి?

ఎచ్చెర్ల_పెడల్:
ఎచ్చెర్ల వైపు నుంచి శ్రీకాకుళం టౌన్‌కి సైకిల్ మీద వచ్చేవాళ్లకి ఎప్పుడూ ఉండే తగవు ఇది. పదహారో నంబరు హైవే పక్కన సర్వీసు రోడ్డు ఉన్నంత మేర సైకిల్ దాంట్లోనే ఉండాలని కొందరు, మెయిన్ రోడ్డు ఎడమ అంచున పోయినా తప్పులేదని కొందరు అంటున్నారు. రేపు టౌన్‌లో ఎక్కడైనా సైకిల్ ట్రాక్ వేస్తే అక్కడా ఇదే మాట వస్తుంది. ట్రాక్ వదిలేసి రోడ్డు మీద తొక్కితే ఫైన్ ఉందా? అప్పుడు ఏదైనా బండి గుద్దితే పరిహారం పోతుందా? సెక్షన్లతో చెప్పండి బాబూ.

కంటోన్మెంట్_వకీలు:
కేంద్ర చట్టంలో అలాంటి నిర్బంధం లేదండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) నిర్వచనంలోకి మామూలు సైకిల్ రాదు. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లు సెక్షన్ 118 కింద వచ్చినవి, అవీ మోటారు బండి నడిపేవాళ్లకే. వాటిలో సైకిల్ ట్రాక్ ప్రస్తావన ఉంది గానీ అది మనం అనుకునేదానికి తలకిందులు: ఫుట్‌పాత్ గానీ సైకిల్ ట్రాక్ గానీ ఉన్నచోట, యూనిఫాంలో ఉన్న పోలీసు చెబితే తప్ప దాని మీద బండి నడపకూడదు, అక్కడ ఆపి పెట్టకూడదు. అంటే ఆంక్ష ట్రాక్‌లోకి దూరే మోటార్‌సైకిల్‌కి, ఆటోకి. ట్రాక్ బయట తొక్కే సైకిల్‌కి కాదు.

పరిహారం గురించి విడిగా రాస్తాను, అది అసలు విషయం.

మూడులాంతర్లు_77:
అదేటండీ, నీలం గుండ్రం బోర్డులో తెల్ల సైకిల్ బొమ్మ ఉంటే అది నిర్బంధ ట్రాక్ అని డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలోనే అడుగుతారు కదా?

కంటోన్మెంట్_వకీలు:
బోర్డు నిజమే, చట్టం మొదటి షెడ్యూల్లోనే ఉంది. కానీ బోర్డులకి లోబడాలని చెప్పే సెక్షన్ 119 మొదలయ్యేదే ‘మోటారు వాహనం నడిపే ప్రతి డ్రైవరూ’ అని. జర్మనీలో ఆ నీలం గుండ్రం బోర్డు ఉంటే సైకిల్ ట్రాక్‌లోకి వెళ్లి తీరాలి. ఫ్రాన్స్‌లో గుండ్రం బోర్డు నిర్బంధం, చతురస్రం బోర్డు ఐచ్ఛికం. ఆ లెక్క ఇక్కడ పెట్టకండి.

అలాగని ఏ రోడ్డు మీదైనా హక్కుంది అనుకోవద్దు. 2019 సవరణతో సెక్షన్ 138(1ఎ) వచ్చింది. సైకిళ్లు, పాదచారులు పబ్లిక్ రోడ్ల మీదికి, జాతీయ రహదారుల మీదికి రావడాన్ని నియంత్రిస్తూ రాష్ట్రం రూల్స్ చేయొచ్చు. హైవే అయితే జాతీయ రహదారుల సంస్థతో సంప్రదించాలి. బెంగళూరు–మైసూరు రహదారి ప్రధాన దారిలో 2023 ఆగస్టు 1 నుంచి సైకిళ్లనీ మోటార్‌సైకిళ్లనీ ఆపింది నోటిఫికేషన్‌తోనే. కాబట్టి ఎవరైనా ‘ఇక్కడ సైకిల్ నిషేధం’ అంటే ఎర్ర అంచు గుండ్రం బోర్డు ఎక్కడుందో చూడండి, నోటిఫికేషన్ నంబరు, తేదీ మర్యాదగా అడగండి. రోడ్డు మధ్యలో మాత్రం వాదించకండి. పోలీసు చెయ్యెత్తితే ఆగి, పక్కకి వచ్చి మాట్లాడుకోవాలి.

ఇక పరిహారం. ట్రాక్‌లో లేనంత మాత్రాన క్లెయిము పోదు. సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్ (మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టు లాంటిది) చూసేది ప్రమాదానికి కారణం ఎవరని. వెనకనుంచి లారీ గుద్దితే పక్కన ట్రాక్ ఖాళీగా ఉందన్నది లారీ డ్రైవర్‌ని కాపాడదు. కోత పడేది వేరే వాటికి: రాత్రి వెనక లైటు లేకపోవడం, రాంగ్ సైడు, చెయ్యి చూపకుండా ఒక్కసారిగా కుడికి కోయడం. నిర్లక్ష్యంలో మీ వాటా 20 శాతం అని తేలిస్తే 10 లక్షల్లో 8 చేతికొస్తాయి. అందుకే ప్రమాదం జరిగాక సైకిల్‌ని ఇంటికి తోసుకుపోకుండా, వెనక లైటు, రిఫ్లెక్టరు, పడిన చోటు, తెల్లగీత అన్నీ కలిపి ఫోటో తీయాలి. ఎఫ్ఐఆర్‌లో లైటు వెలుగుతున్న సంగతి రాయించాలి. బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం ఉంది, సెక్షన్ 161: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు.

చైన్_లింకు:
చట్టం ఒప్పుకుంటే సరిపోదు, ఆ సర్వీసు రోడ్డు తొక్కడానికి పనికొస్తుందా అన్నది చూడాలి. ధాన్యం కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకటి పడితే పైన టార్పాలిన్ కప్పుతారు, అది నల్లదైతే పది అడుగుల దూరం వరకు కనపడదు. చోళ్లు (రాగులు) నూర్చే రోజుల్లో కంకులు పరిచి ఉంటే సన్న టైరు జారుతుంది, అక్కడ బ్రేకు వేయకుండా హ్యాండిల్ తిన్నగా పెట్టి దాటాలి. డ్రైను పలకల మధ్య సందు మీరు వెళ్లే దిశలోనే ఉంటే 28 మిల్లీమీటర్ల టైరు అందులో దిగిపోతుంది. దాన్ని అడ్డంగా కోసుకుంటూ దాటాలి.

ఇంకో చోటు, మెయిన్ రోడ్డు నుంచి సర్వీసు రోడ్డులోకి బళ్లు దిగే నోరు. హైవే వేగంతోనే దిగుతాయి, సైకిల్ ఉంటుందని చూడరు. అక్కడికి ముందే వెనక్కి తిరిగి చూసుకోవాలి. మెయిన్ రోడ్డు మీదే వెళ్తే తెల్లగీతకి ఎడమ పక్క తారు ఉన్నంత వరకే. తారు అంచుకి మరీ అంటుకుని కాకుండా రెండడుగులు లోపల ఉండండి. అంచు విరిగి మట్టిలోకి దిగిన టైరు తిరిగి ఎక్కేటప్పుడే పడిపోతారు.

మూడులాంతర్లు_77:
మలుపు దూరమని సర్వీసు రోడ్డులో ఎదురుగా వచ్చే సైకిళ్ల సంగతి? మోటారు చట్టం వర్తించదు కాబట్టి వదిలేస్తారా?

కంటోన్మెంట్_వకీలు:
వదలరు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 281లో ఉన్నది ‘వాహనం’ అనే మాట, మోటారు అని లేదు. ప్రాణాపాయం కలిగించేలా నడిపితే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సైకిల్‌కీ పడుతుంది.

బ్యాటరీ_బండి:
బ్యాటరీ సైకిల్‌కి ఇవేవీ ఒకటే కాదు, గమనించండి. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలు దాటకూడదు. ఇందులో ఉంటేనే అది మోటారు వాహనం కాదు. కంట్రోలర్ (మోటారు వేగాన్ని అదుపు చేసే భాగం) మార్చి వేగం పెంచారా, రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి, సైకిల్ ట్రాక్‌లోకి రావడమే తప్పవుతుంది. కొనేటప్పుడు బిల్లులో వాట్లు రాయించుకోండి.