పౌరుల రక్షణ ఒప్పందానికి 1949 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది?

అందరికీ నమస్కారం. యుద్ధకాలపు సహాయ చట్టాల చరిత్ర చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

1859లో ఇటలీలోని సాల్ఫెరినో యుద్ధంలో గాయపడినవాళ్ల దుస్థితి చూసి స్విట్జర్లాండ్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ కదిలాడు. 1863లో రెడ్‌క్రాస్ కమిటీ, 1864లో మొదటి జెనీవా ఒప్పందం వచ్చాయి. కానీ అది గాయపడిన సైనికుల గురించే. పౌరుల కోసం విడిగా ఒప్పందం రావడానికి ఇంకో 85 ఏళ్లు పట్టింది. 1934లో టోక్యో రెడ్‌క్రాస్ సమావేశం ఒక ముసాయిదాను ఆమోదించింది కూడా! దాన్ని ఖరారు చేసే సమావేశం 1940కి పెట్టుకున్నారు, ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. అన్నేళ్లు ప్రభుత్వాలు ఎందుకు నాన్చాయి? అడ్డుపడింది ఎవరు?

నన్ను ఎక్కువ తొలిచేస్తున్నది దిగ్బంధం, అంటే శత్రుదేశానికి సరుకులు వెళ్లకుండా అడ్డుకోవడం సంగతి. పౌరుల కోసం వచ్చిన 1949 నాలుగో జెనీవా ఒప్పందంలోని 23వ అధికరణ ప్రకారం మందులు పౌరులందరికీ వెళ్లనివ్వాలి. తిండి, బట్టలు మాత్రం పదిహేనేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకే. అదీ శత్రువుకు లాభిస్తుందన్న గట్టి అనుమానం లేకపోతేనే. ముసలివాళ్ల ఊసే లేదు, ఇదేం లెక్కో! పౌరులను ఆకలితో మాడ్చడం యుద్ధ పద్ధతిగా పనికిరాదని జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన అదనపు ప్రోటోకాల్స్‌లో గానీ స్పష్టంగా రాయలేదు. ఈ మార్పుకు, నైజీరియా నుంచి విడిపోవాలని పోరాడిన బయాఫ్రాలో 1967–70 యుద్ధకాలంలో వచ్చిన కరువు ఎంతవరకు కారణం? వియత్నాం యుద్ధం ప్రభావమే ఎక్కువా?

ఒప్పందాల పాఠాలు నా దగ్గర ఉన్నాయి. చర్చల్లో ఏ దేశం ఏమందో కావాలి. మామూలు పాఠకులకు అర్థమయ్యే పుస్తకాలుంటే చెప్పండి, ఇంగ్లీషువైనా ఫర్వాలేదు.