కలకాలమా, కలలకాలమా?

ప్రశ్న (విజయనగరం సభ్యుడు)
చిన్నప్పుడు ఒక పాత పత్రికలో, మధ్య ఆస్ట్రేలియాలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. అక్కడి ఆదివాసులైన అరండ జనుల పూర్వీకులు నేలంతా తిరిగి కొండలనూ వాగులనూ ఏర్పరచిన కాలాన్ని అందులో ‘కలకాలం’ అన్నారో, ‘కలలకాలం’ అన్నారో వారం రోజులుగా ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఒక్క ‘ల’తో అర్థమంతా మారిపోతుంది కనుక పెద్దలను అడుగుతున్నాను.

అడిలైడ్ సభ్యుడు
కలలకాలమే అయి ఉండాలండీ. మూలంలోని మాట ‘ఆల్చిర’. దానికి ‘రమ’ చేర్చితే కలగనడం. ఆలిస్ స్ప్రింగ్స్ తంతి కార్యాలయంలో పనిచేసిన గిలెన్ 1896లోనే దానిని కలల కాలమని ఇంగ్లీషులోకి తెచ్చాడు, మానవశాస్త్రవేత్త స్పెన్సర్ దానిని లోకమంతా వ్యాపింపజేశాడు.

నాయుడుపేట సభ్యురాలు
అన్నగారూ, ‘రమ’ అంటే చూడడం. మన ‘కలగను’లోనూ కల వేరు, కను వేరు. చూసే క్రియ చేరినప్పుడు కలగనడమైనంత మాత్రాన, విడిగా ఉన్న ‘ఆల్చిర’ కూడా కలే కావాలన్న నియమం లేదు. 1894 నుంచి 1922లో మరణించేదాకా ఆ మిషన్‌ను నడిపిన కార్ల్ స్ట్రేలో, కలల కాలమనే ఒక కాలవిభాగం అరండ జనులకు తెలియదని స్పష్టంగా రాశాడు. 1908లో అక్కడే పుట్టి అరండ భాషలో పెరిగిన ఆయన కుమారుడు థియొడోర్, ఆ మాటకు శాశ్వతమైనది, తనంతట తాను పుట్టినది అని అర్థం చెప్పాడు. కాబట్టి ఆ వ్యాసకర్త ‘కలకాలం’ అనే రాసి ఉంటారు.

తెనాలి సభ్యుడు
అమ్మా, తనంతట తాను పుట్టినవాడంటే పోతన గజేంద్రుడు శరణు వేడిన ‘ఆత్మభవుడే’ కదా! అయితే నాకు అంతకన్నా ‘కలఁడు కలండనెడువాఁడు’ దగ్గరగా తోస్తున్నది. ‘కలకాలం’లోని కల స్వప్నం కాదు, ‘కలుగు’ ధాతువు నుంచి వచ్చిన ఉనికి. ఏనుగు నోట ఆ ‘కల’ను అన్నిసార్లు పలికించి, చివరికి ‘కలఁడో లేఁడో’ అని సందేహంలో నిలిపిన కవి మరొకడు లేడు. ఆ పద్యం చదువుతుంటే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది.

అడిలైడ్ సభ్యుడు
పోతన మీద నాకూ అంతే భక్తి ఉంది. కానీ శాశ్వతమన్న అర్థం మిషన్‌కు ఎంత అవసరమో కూడా చూడాలి. 1875లో బయలుదేరి, ఎడారిలో పశువులతో కరవును దాటుకుంటూ 1877లో ఫింక్ నది ఒడ్డున, ఆ మిషన్ వెలసిన న్టారియా చేరిన జర్మన్ మిషనరీలు కెంపె, ష్వార్జ్ బృందం వారే ఆల్చిరను క్రైస్తవ దేవుడి పేరుగా స్వీకరించారు. అరండ వృద్ధులు స్ట్రేలోకు చెప్పిన ఆల్చిర, ఈమూ పక్షి పాదాలతో ఆకాశంలో ఉండే వేరొక వ్యక్తి. పైగా స్ట్రేలో వారి పాటలను ఎంతో శ్రద్ధతో రాసుకున్నాడే గాని, వారి క్రతువులకు హాజరు కావడానికి తన మతం ఒప్పుకోదని వెళ్ళనేలేదు. చూడనివాడు చెప్పిన అర్థాన్ని ఎంతవరకు నమ్మాలి?

నాయుడుపేట సభ్యురాలు
వారి భాష మాట్లాడలేని స్పెన్సర్‌ను నమ్మడంకంటే అది మేలు కాదా? అన్నట్టు, కెంపె బృందాన్ని పంపిన అదే జర్మన్ హెర్మన్స్‌బర్గ్ సంఘం 1865లో మా నెల్లూరు సీమకూ వచ్చింది. ఇక్కడ వారికి ‘దేవుడు’ అన్న మాట సిద్ధంగా దొరికింది, కతోలికులు ‘సర్వేశ్వరుడు’ అన్నారు. అరండ భాషలో మాత్రం పూర్వీకుల కథలన్నిటికీ ఆధారమైన మాటనే తీసుకోవలసి వచ్చింది, ఆ భారం ఆ మాట మీద ఇంకా ఉంది. 1982లో ఆ మిషన్ భూమి అరండ వారికి తిరిగి దక్కింది; అయినా అక్కడి ప్రార్థన గీతాలలో దేవుడి పేరు నేటికీ ఆల్చిరే. వారే నిలుపుకున్న మాటను కల అని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు.

తెనాలి సభ్యుడు
కల అన్నంతలో కొట్టివేసినట్టెందుకవుతుంది తల్లీ? కలలో కనబడినదానిని ఉన్నదిగానే ఎంచే జనులు ఆ రెండు ‘కల’లనూ వేరుచేసి ఉండరేమో. అందుకే ఆ వ్యాసంలో ఒకే ‘ల’ ఉన్నదని నా నమ్మకం.

ప్రశ్న అడిగిన విజయనగరం సభ్యుడు
అచ్చులో ఆ మాట పంక్తి చివర విరిగి, ‘కల’ పైనా మిగిలినది కిందా పడినట్టు ఇప్పుడు గుర్తొస్తున్నది. కింది పంక్తి ‘ల’తో మొదలైందా, ‘కా’తోనా అన్నదే మళ్ళీ పట్టుబడడం లేదు.