అప్‌డేట్: మఠంలో చేరాలా, నర్సుగానే ఉండాలా?

నల్లగొండ దగ్గర జీఎన్‌ఎం (నర్సింగ్ కోర్సు) చదువుతున్నానని, దేవుడు క్యాథలిక్ సిస్టర్‌గా మఠజీవితానికి పిలుస్తున్నట్టు అనిపిస్తుందని, ఇంట్లో మాత్రం సంబంధాలు చూస్తున్నారని అప్పట్లో రాశాను. ఓపికగా జవాబిచ్చిన అన్నలకూ అక్కలకూ వందనాలు.

మీరు చెప్పినట్టే మా విచారణ (పారిష్) ఫాదర్‌గారితో, తర్వాత ఒక సిస్టరమ్మతో మాట్లాడాను. సిస్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పెళ్లంటే భయమై వస్తున్నవా, క్రీస్తు మీద ప్రేమతో వస్తున్నవా?" దానితో చాలా రోజులు ప్రార్థించాను. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిపోయిన ముసలివాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు నాకు కలిగే ఆనందం, గుడిలో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా మేం ఆరాధించే అప్పం) ముందు కలిగే ఆనందం ఒక్కటేనని అప్పుడు తెలిసింది. బైబిల్‌లో బాలుడు సమూయేలు కూడా తనను పిలిచింది దేవుడేనని మొదట గుర్తుపట్టలేదు, యాజకుడు ఏలీ చెప్పాల్సి వచ్చింది. అందుకే పెద్దల తోడు లేకుండా ఎవరూ తేల్చుకోవద్దని గట్టిగా చెబుతాను.

తొందరేమీ లేదట. నోవిషియేట్ (మఠంలో శిక్షణ కాలం) కనీసం 12 నెలలు, ఆపైన తాత్కాలిక వ్రతాలు (మఠజీవిత ప్రమాణాలు) కనీసం 3 ఏళ్లు, ఆ తర్వాతే శాశ్వత వ్రతాలు. ఇది విన్నాక అమ్మ మనసు కుదుటపడింది. "దేవుడిచ్చిన బిడ్డవే, ఆయనే అడిగితే నేనెట్ల కాదంట?" అన్నది. నాన్న ఇంకా మాట్లాడట్లేదు, ఆయన కోసం ప్రార్థించండి.

కోర్సు పూర్తిచేసి, నర్సుగా రిజిస్ట్రేషన్ అయ్యాక మఠంలో చేరతాను. నర్సులు కావాలని సిస్టర్లే అన్నారు.