మిక్సీ వేస్తే మైనర్ పడిపోతోంది: యూఎస్‌బీ స్టిక్ పూల్‌లో పెట్టాలా, సోలోలోనా, అసలు పీకెయ్యాలా?

సత్యనారాయణపురం_కుర్రాడు (విజయవాడ)

అందరికీ నమస్తే. నాది రెండు ముక్కల గోల, ఒకటి రిపేరు, ఇంకోటి తగువు.

గెక్కోసైన్స్ వాళ్ళ కాంపాక్ ఎఫ్ అనే యూఎస్‌బీ బిట్‌కాయిన్ మైనర్ స్టిక్ (లెక్కలు చేస్తూ బిట్‌కాయిన్ కోసం పోటీపడే, పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకున్నాను. లోపల ఉండేది ఒకే ఒక్క బీఎం1397 చిప్, పెద్ద యాంట్‌మైనర్ ఎస్17 మెషిన్లలో వందకు పైగా ఉండే చిప్పే ఇది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి యూఎస్‌బీ హబ్ తగిలించి, హబ్‌లో స్టిక్ పెట్టి సీజీమైనర్ అనే మైనింగ్ ప్రోగ్రాం నడుపుతున్నాను. బాగున్నప్పుడు సెకనుకు 300 గిగాహాష్, అంటే 30 వేల కోట్ల లెక్కలు, చూపిస్తుంది. కానీ రోజూ పొద్దున ఏడున్నర ఎనిమిది మధ్య జాంబీ (స్టిక్ స్పందించట్లేదు) అని పడి ఆగిపోతుంది, పీకి మళ్ళీ పెడితే లేస్తుంది, ఒక్కోసారి సాయంత్రం కూడా ఇదే. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి ఏమీ లేదు, చిన్న ఫ్యాన్ పెట్టాను. సాఫ్ట్‌వేర్ రెండుసార్లు తీసి ఎక్కించాను, ఏం మారలేదు.

ఇక తగువు. మా ఫ్రెండు పూల్‌లో (అందరితో కలిసి తవ్వి వచ్చింది పంచుకోవడం) పెట్టమంటాడు, నేను సోలో (ఒంటరిగా తవ్వడం, తగిలితే మనదే) అంటాను, నాన్న పీకి అవతల పడెయ్యమంటారు. ఎవరిది రైటు?

బ్రాడీపేట_నాలుగోలైను (గుంటూరు)

మీ నాన్నగారిది. రిపేరు సంగతి తర్వాత, ముందు కాగితం మీద లెక్క చూడు తమ్ముడూ. నెట్‌వర్క్ మొత్తం ఇప్పుడు సెకనుకు 1 జెట్టాహాష్ (లక్ష కోట్ల గిగాహాష్) అటూఇటూగా ఉంది, నీది 300 గిగాహాష్, అంటే 333 కోట్ల వంతుల్లో నీది ఒక వంతు. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (నాలుగేళ్ళకోసారి బహుమతి సగమవడం) తర్వాత బ్లాకుకి (లావాదేవీల కట్ట, దాన్ని పట్టినవాడికే బహుమతి) 3.125 కాయిన్లు, రోజుకి దాదాపు 144 బ్లాకులు, మొత్తం 450 కాయిన్లు ప్రపంచమంతా పంచుకుంటారు. అందులో నీ వాటా పదమూడున్నర సతోషీలు (కాయిన్‌లో పది కోట్లో వంతు ఒక సతోషీ). కాయిన్ కోటి రూపాయలు అనుకో, లెక్క తేలికవుతుంది, రోజుకి రూపాయి ముప్పై ఐదు పైసలు, నెలకి నలభై రూపాయలు. ఆ డబ్బుతో మా గుంటూరులో ఒక మనిషి టిఫిన్ కూడా గట్టిగా తినలేడు.

పై, హబ్, ఫ్యాను, స్టిక్ అన్నీ కలిపి ఎన్ని వాట్లు లాగుతున్నాయో ప్లగ్గు దగ్గర కొలిచావా?

సత్యనారాయణపురం_కుర్రాడు

కొలిచాను అన్నా. అన్నీ కలిపి 18 వాట్లు.

బ్రాడీపేట_నాలుగోలైను

నెలకి 13 యూనిట్లు. మీ ఇంటి బిల్లులో చివరి యూనిట్లు 6 రూపాయల స్లాబులో పడుతున్నాయనుకుంటే 78 రూపాయలు, 8.75 స్లాబులోకి జారితే 114. ట్రూ అప్ ఛార్జీలు నేను కలపనే లేదు. నలభై కోసం డెబ్భై ఎనిమిది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు, నువ్వు ఆ ఎలుకని కూడా పట్టట్లేదు, దాని తోక మీద వెంట్రుక పట్టుకున్నావు.

కృష్ణలంక_జాడిగ్

బ్రో ఇది పక్కా డ్రైవర్ సమస్య. జాడిగ్ (డ్రైవర్లు మార్చే ప్రోగ్రాం) ఓపెన్ చెయ్యి, ఆప్షన్స్‌లో అన్ని డివైస్‌లూ చూపించమని పెట్టు, స్టిక్ సెలెక్ట్ చేసి విన్‌యూఎస్‌బీ డ్రైవర్ ఎక్కించు. నాకు రెండు రోజులు తిండి లేదు దీనివల్ల, అది చేశాక లేచింది. ఇంకో మాట, యాంటీవైరస్ సీజీమైనర్‌ని తీసేస్తుంది, దాని ఫోల్డర్‌కి మినహాయింపు ఇవ్వాలి.

మల్టీమీటర్_బాబాయ్ (గవర్నర్‌పేట)

జాడిగ్ విండోస్‌కి బాబూ, అతను చెప్పింది రాస్ప్‌బెర్రీ పై. పైగా డ్రైవర్ సమస్యయితే అసలు లేవదు, పొద్దున టిఫిన్ టైమ్‌కి మాత్రం పడిపోయే డ్రైవర్ నేనెక్కడా చూడలేదు. మినహాయింపు ఇమ్మన్నావు చూడు, అక్కడ జాగ్రత్త. దొరికిన చోటల్లా సీజీమైనర్ డౌన్‌లోడ్ చేసి మినహాయింపు ఇస్తే, అందులో దూరిన దొంగ ప్రోగ్రాం నీ వ్యాలెట్ అడ్రస్ మార్చేసి ఎవడికో పంపిస్తుంది. అసలు సోర్స్ కోడ్ తెచ్చుకుని సొంతంగా కంపైల్ చేసుకోవడమే మంచిది, రాస్ప్‌బెర్రీ పైలో అదేం పెద్ద పని కాదు.

కుర్రాడా, నీకు మూడు ప్రశ్నలు. హబ్ అడాప్టర్ మీద ఏం రాసుంది? అది ఏ ప్లగ్గులో ఉంది? ఏడున్నరకి మీ ఇంట్లో కొత్తగా ఏం ఆన్ అవుతుంది?

సత్యనారాయణపురం_కుర్రాడు

బాబాయ్ గారూ, అడాప్టర్ మీద 5 వోల్టులు 3 ఆంపియర్లు అని ఉంది. ప్లగ్గు... వంటింటి గోడకి ఆనుకుని ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. దాంట్లోనే అమ్మ మిక్సీ పెడుతుంది.

ఓహో.

మల్టీమీటర్_బాబాయ్

పల్లీ చట్నీ. 😀

షాపులో ఇలాంటి కేసులు చాలా చూశాను, మైనర్లు కావు, సీసీ కెమెరాలు, సెట్‌టాప్ బాక్సులు. మిక్సీ మోటారు స్టార్ట్ అయినప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, లోపల బ్రష్‌లు నిప్పురవ్వలు కొడతాయి, ఆ రొద అంతా అదే బోర్డు మీదున్న అడాప్టర్‌లోకి పోతుంది. మంచి అడాప్టర్ తట్టుకుంటుంది. నీది ముందే చివరి ఊపిరి మీద ఉన్నట్టుంది, అందుకే తట్టుకోలేకపోతోంది.

అంత కచ్చితంగా ఎందుకంటున్నానంటే, ఆ స్టిక్ 300 గిగాహాష్ కొట్టాలంటే 5 వోల్టుల మీద రెండు ఆంపియర్లకు పైనే లాగుతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది అర ఆంపియర్, 3.0 అయితే 0.9. రాస్ప్‌బెర్రీ పై 4 అయితే నాలుగు పోర్టులూ కలిపి 1.2. అంటే హబ్ మీదే భారమంతా. బజార్లో దొరికే ఏడు పోర్టుల హబ్బులో లోపలి రాగి గీతలు దారప్పోగుల్లా ఉంటాయి, అడాప్టర్ మీద 3 ఆంపియర్లని రాసి ఉంటుంది గానీ రెండు లాగేసరికి వోల్టేజ్ జారిపోతుంది.

ఇది నమ్మొద్దు, కొలువు. స్టిక్ నడుస్తుండగా పక్క పోర్టులో పాత ఛార్జింగ్ వైరు ఒకటి కోసి పెట్టి, ఎరుపు నలుపు మధ్య మీటర్ పెట్టు. రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకో, తగిలితే హబ్ పోతుంది. 4.75 కంటే తక్కువ ఉంటే దొంగ దొరికినట్టే. తర్వాత అమ్మగారిని మిక్సీ వెయ్యమను, మీటర్ చూస్తూ ఉండు.

పటమట_సోలో

రిపేరు బాబాయ్ చూసుకుంటారు, తగువు నేను చూస్తా. సోలోనే పెట్టు బ్రో. 2022 జనవరిలో సోలో సీకేపూల్ అనే సోలో మైనర్ల సర్వర్‌లో 126 టెరాహాష్ (టెరా అంటే వెయ్యి గిగా) ఉన్న ఒక చిన్న మైనర్‌కి బ్లాక్ పడింది, అప్పట్లో 6.25 కాయిన్లు. ఫీజు 2 శాతమే, మిగతాదంతా నీదే. వ్యాలెట్ అడ్రసే యూజర్ నేమ్, రిజిస్ట్రేషన్ గోల లేదు.

బ్రాడీపేట_నాలుగోలైను

126 టెరాని 0.3 టెరాతో భాగించు. 420 వస్తుంది. నంబర్ నేను పెట్టింది కాదు, లెక్కే పెట్టింది.

ఆ చిన్న మైనర్ నీ స్టిక్‌లాంటివి 420 పెట్టుకున్నవాడు తమ్ముడూ. నీ ఒక్క స్టిక్‌కి సగటున 63 వేల ఏళ్ళకి ఒక బ్లాక్. ఉండవల్లి గుహలు తొలిచి ఇంకా రెండు వేల ఏళ్ళు కాలేదు.

పటమట_సోలో

సగటు అంటే సగటే కదన్నా, రేపు కూడా పడొచ్చు. మరి పూల్ సంగతి చెప్పు. రోజుకి పదమూడున్నర సతోషీలు, కనీసం లక్ష సతోషీలు జమ అయితే గానీ ఇవ్వని పూల్‌లో పెడితే మొదటి చెల్లింపుకి ఇరవై ఏళ్ళు. ఆ లోపు హాల్వింగులు ఐదు వస్తాయి, అంటే ఇరవై కూడా చాలదు. ఎలాగూ రాని డబ్బే, కనీసం సోలోలో ఆశ ఉంటుంది.

బ్రాడీపేట_నాలుగోలైను

హాల్వింగుల సంగతి ఒప్పుకుంటున్నా. పూల్ కూడా దండగే. నేను మొదట్నుంచీ చెప్పేది అదే కదా, పీకమని!

లక్ష్మీపురం_ఆడిటరక్క (గుంటూరు)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, సీజన్ కాదు కాబట్టి ఖాళీగా ఉన్నాను. బ్రాడీపేట గారి లెక్కలో ఒకటి తప్పిపోయింది. 78 ఖర్చు పెట్టి 40 సంపాదిస్తే 38 నష్టం అనుకుంటున్నారు. పన్ను వాళ్ళు అలా అనుకోరు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మకం మీద వచ్చే లాభానికి 30 శాతం, పైన సెస్సు. కొన్న ధర తప్ప ఏ ఖర్చూ తీసేయనివ్వరు. మైనింగ్ చేసేవాడికి కొన్న ధర ఏముంటుంది? మైనింగ్ సామాను ఖర్చుని కొనుగోలు ధరగా లెక్కించం అని అదే ఏడాది మార్చిలో లోక్‌సభలోనే సమాధానం ఇచ్చారు. ఈ నష్టాన్ని ఇంకో ఆదాయంలో సర్దుకోనూ లేరు. కాబట్టి ఆ నలభైలో పన్నెండు రూపాయల పైచిలుకు పన్ను.

ఇక పటమట బాబూ, నీకు బ్లాక్ పడితే మూడు కోట్ల చిల్లర, అందులో 30 శాతం...

పటమట_సోలో

అక్కా ఆపండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పడని బ్లాకుకి ఇప్పుడే పన్ను కట్టిస్తున్నారు.

అరండల్‌పేట_మాస్టారు

నా దగ్గర 2013 నాటి బ్లాక్ ఎరప్టర్ అనే యూఎస్‌బీ మైనర్ ఉంది, 333 మెగాహాష్, రెండున్నర వాట్లు, మామూలు పోర్టులోనే నడుస్తుంది. మొదట్లో దాని ధర రెండు బిట్‌కాయిన్ల దగ్గర ఉండేదట. నాకైతే ఒకతను సామాను సర్దుకుంటూ ఊరికే ఇచ్చాడు. కొన్నవాళ్ళు ఆ రెండు కాయిన్లూ అలాగే ఉంచుకుని ఉంటే అని తలుచుకుంటే, పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

బీటెక్ కుర్రాళ్ళకి హాష్ అంటే ఏంటి, డిఫికల్టీ (లెక్క ఎంత కష్టమో) అంటే ఏంటి అని బోర్డు మీద గంట చెప్పినా ఎక్కనిది ఈ స్టిక్ ముందు పది నిమిషాల్లో ఎక్కుతుంది. అందుకని పీకెయ్యమని నేను చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో నాయనా: షేర్ (పని చేస్తున్నట్టు పూల్‌కి పంపే చిన్న సమాధానం) రాలేదని స్టిక్ చచ్చిపోయిందనుకోకు. పూల్ డిఫికల్టీ 10 వేలు పెడితే నీ 300 గిగాహాష్‌కి షేర్ రావడానికి సగటున రెండు నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది, ఒక్కోసారి ఏడెనిమిది నిమిషాలు కూడా. నా ఎరప్టర్‌కి డిఫికల్టీ వెయ్యి పెడితే ఒక్క షేర్‌కి మూడున్నర గంటలు. అది తెలీక మొదటిసారి నేను దాన్ని మూడు కంప్యూటర్లు మార్చి చూశాను, సాయంత్రానికి తలనొప్పి. పూల్ ఒప్పుకుంటే పాస్‌వర్డ్ గడిలో డిఫికల్టీ తగ్గించమని రాయొచ్చు.

సత్యనారాయణపురం_కుర్రాడు

రిపోర్టు ఇస్తున్నాను.

బాబాయ్ గారు చెప్పినట్టే వైరు కోసి మీటర్ పెట్టాను. స్టిక్ లేకుండా 5.08. స్టిక్ ఎక్కించి ఫ్రీక్వెన్సీ (చిప్ వేగం) పెంచే కొద్దీ 4.8, 4.7, చివరికి 4.52 దగ్గర ఆగింది. అక్కడ సీజీమైనర్‌లో హార్డ్‌వేర్ ఎర్రర్ల గడి కూడా గబగబా పెరగడం మొదలైంది, నేను ఇన్నాళ్ళూ ఆ గడి వైపు చూడనే లేదు. తర్వాత అమ్మని పిలిచాను. మొదటి స్పీడులో ఏం కాలేదు. మూడో స్పీడు తిప్పగానే మీటర్ అంకెలు చిందులేశాయి, రాస్ప్‌బెర్రీ పై మీద వోల్టేజ్ తక్కువ అనే మెరుపు బొమ్మ వచ్చింది, జాంబీ. అమ్మ ఏమందంటే "ఆ ముక్క ముందే నన్నడిగితే చెప్పేదాన్ని కదరా, నేను మిక్సీ వేసినప్పుడల్లా నీ డబ్బా లైటు ఆరిపోతుంది". నెల రోజులు సాఫ్ట్‌వేర్ మార్చిన నేను ఎక్కడ దాక్కోవాలి?

ఇప్పుడు హాల్లో వేరే ప్లగ్గుకి మార్చాను. ఫ్రెండు దగ్గర 5 వోల్టులు 6 ఆంపియర్ల అడాప్టర్, లావు వైర్లున్న హబ్ అప్పు తెచ్చాను. లోడు మీద 4.93. నిన్న ఇడ్లీ, ఇవాళ పెసరట్టు, రెండు చట్నీలు దాటింది, పడలేదు.

మల్టీమీటర్_బాబాయ్

శభాష్. ఇంకో రెండు చూసుకో. మీ ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారే లోపు రాస్ప్‌బెర్రీ పై రీస్టార్ట్ అవుతుంది, పదే పదే అలా అయితే మెమరీ కార్డు పాడవ్వొచ్చు. రెండోది, రోహిణి కార్తెలో మన బెజవాడ హాల్లో గాలే 38 డిగ్రీలు ఉంటుంది. ఫ్యాను తిప్పేది ఆ గాలినే. మే నెలలో ఫ్రీక్వెన్సీ సగానికి దించు, లేదా ఆపెయ్. ఎవరూ ఇంట్లో లేనప్పుడు, ఊరెళ్ళేటప్పుడు మాత్రం స్విచ్ కట్టేసి వెళ్ళు. కర్టెన్ పక్కన, బట్టల బీరువా మీద పెట్టొద్దు.

బ్రాడీపేట_నాలుగోలైను

స్టిక్ సంగతి నాకు అభ్యంతరం లేదు, నలభై రూపాయల నష్టం ఎవడికీ ఇల్లు గుల్ల చెయ్యదు. నాకు భయం వేసేది దాని తర్వాతి మెట్టు. దీనితో మొదలెట్టి "మైనింగ్ అంటే నాకు తెలుసు" అనుకుని, మీ డబ్బుతో ఎక్కడో మైనింగ్ చేసి నెలకి ఇంత శాతం ఇస్తాం అనే క్లౌడ్ మైనింగ్ వాళ్ళ దగ్గరికి పోతారు. గెయిన్‌బిట్‌కాయిన్ వాళ్ళు నెలకి 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు, దేశమంతా మునిగింది. మా లైనులోనే ఒకాయన మిర్చి అమ్మిన డబ్బు ఇలాంటి వేరే యాప్‌లో పెట్టాడు, ఇప్పుడు ఫోన్ తీసి ఆ యాప్ చూపించి "బ్యాలెన్స్ కనపడుతుంది చూడండి" అంటాడు. కనపడుతుంది, రాదు.

సత్యనారాయణపురం_కుర్రాడు

అన్నా, దీని ముందు కూర్చున్నాకే నాకు తెలిసింది, 300 గిగాహాష్ అంటే రోజుకి రూపాయి ముప్పై ఐదని. నెలకి పది శాతం అని ఎవడైనా వస్తే ఎన్ని టెరాహాష్‌లు, ఎన్ని వాట్లు, యూనిట్ ఎంత అని అడగడం వచ్చింది. స్టిక్ పీకితే అది వచ్చేది కాదు.

పూల్ కాదు సోలోనే పెట్టాను. నాన్నతో ఒప్పందం: నెలకి 78 రూపాయలు నా జేబులోంచి, కరెంటు బిల్లు వచ్చిన రోజే ఇవ్వాలి.

లక్ష్మీపురం_ఆడిటరక్క

ఆ 78 కూడా ఖర్చుగా చూపించడానికి ఉండదు నాన్నా.

బ్రాడీపేట_నాలుగోలైను

సరే. ఆ పాత హబ్ ఏం చేస్తున్నావు? ఊరికే అడుగుతున్నా, పెన్‌డ్రైవ్‌లకి పనికొస్తుందేమోనని.