అమ్మమ్మగారి భోషాణంలో దొరికిన పాత బీగాలు: తోమాలా, వద్దా?

ప్రశ్న, కావలి నుంచి

కావలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో పాత మిద్దె పడగొడుతుంటే భోషాణం అడుగున మూడు బీగాలు దొరికాయి. (మా ఇంట్లో బీగం అనే అంటాం, మీరు తాళం కప్ప అన్నా అదే.) ఒకటి ఇత్తడిది, అరచేయంత ఉంటుంది, మామిడికాయ ఆకారం. రెండోది ఇనుముది, తుప్పు పట్టి కొక్కెం అస్సలు కదలట్లేదు. మూడోది వింతగా గొట్టంలా ఉంది, ముందువైపు చెవి దూర్చే కన్నమే లేదు, ఒక చివర గుండ్రటి చిల్లు మాత్రం ఉంది. ఒక్కదానికీ తాళంచెవి లేదు. పక్కనే ఒక రేకు డబ్బా ఉంటే ఆశగా తీసి చూశా, అందులో వంకర మేకులు, ఒక గడియారం ముల్లు, తలకి రింగు ఉన్న మరమేకు లాంటిది ఒకటి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఇత్తడిదాన్ని రాత్రంతా చింతపండు పులుసులో నానబెట్టాను. పొద్దున చూస్తే అక్కడక్కడా గులాబీ రంగు తిరిగింది. పాడుచేశానా అని ఒకటే టెన్షన్. మిగతా రెండూ ఎలా శుభ్రం చెయ్యాలి, ఇవి ఎక్కడివో ఎట్లా తెలుస్తుంది? పాత సామాన్లాయన కిలో లెక్కన అడుగుతున్నాడు, ఇచ్చేయనా?

జవాబు, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి

తమ్ముడూ, ముందు ఆ పాత సామాన్లాయన్ని పంపించెయ్.

గులాబీ రంగు సంగతి చెబుతా. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం (జింక్) కలిసిన లోహం. పులుపులో గంటలకొద్దీ ఉంచితే పైపొరలో ఉన్న తుత్తునాగం కరిగిపోయి రాగి మిగులుతుంది, నీకు కనపడే గులాబీ అదే. మన అమ్మలు చెంబుకి చింతపండు రాసి అయిదు నిమిషాల్లో కడిగేస్తారు కాబట్టి ఏమీ కాదు, నువ్వు రాత్రంతా ఉంచావు. పైపైనే అయ్యుంటుంది, భయపడకు. మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, లోపల తడి లేకుండా ఎండలో పెట్టు. పొరపాటున కూడా అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడొద్దు. బ్రిటిష్ సైన్యం మన దేశంలో తూటాలని గుర్రపుశాలల్లో దాస్తే వానాకాలంలో వాటి ఇత్తడి తొడుగులు ఉత్తపుణ్యానికే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేల్చారు. అచ్చులో కొట్టి బిగించిన ఇత్తడికి పుట్టే రోగం అది.

ఇక గుర్తుపట్టడం. తోమకముందే చూడాలి, నా గోల ఎప్పుడూ ఇదే. అక్షరాలు మురికి కింద ఉంటాయి, గట్టిగా రుద్దితే మురికితో పాటు అవీ పోతాయి. రాత్రి లైటు ఆపేసి, ఫోన్ టార్చ్‌ని బీగానికి పక్కగా, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకో. నేను మొదటిసారి అట్లా చూసినప్పుడు, పదేళ్ళుగా నున్నగా ఉందనుకున్న బీగం మీద "6 లివర్స్" అని నీడల్లో లేచి నిలబడింది. ఇంకా కనపడకపోతే మొహానికి రాసుకునే పౌడర్ కొంచెం వేలితో రుద్దు, గీతల్లోకి దిగి తెల్లగా కనపడుతుంది. ముగ్గుపిండి మాత్రం వద్దు, గరుకు, గీతలు పడతాయి. ఒక తెల్లకాగితం పైన పెట్టి పెన్సిల్‌తో రుద్దినా అచ్చు దిగుతుంది.

లివర్లు అంటే లోపలుండే పలకలు. సరైన తాళంచెవి ఒక్కో పలకని దానికి కావలసినంత ఎత్తే లేపుతుంది, అన్నీ ఒకే వరుసకి వస్తేనే గడియ జరుగుతుంది. ఎన్ని ఎక్కువుంటే అంత గట్టి బీగం. ఇంగ్లండ్‌లో 1818లో తాళాలు చేసే చబ్ వాళ్ళు ఇంకో మెలిక పెట్టారు, ఏ పలకనైనా ఎక్కువ ఎత్తు లేపితే బీగం బిగుసుకుపోయి ఎవరో వేలు పెట్టారని యజమానికి చెప్పేస్తుంది. అంత గొప్ప తాళాన్నీ 1851 లండన్ ఎగ్జిబిషన్ రోజుల్లో ఒక అమెరికా ఆయన తెరిచి పారేశాడు, అది వేరే కథ.

మన దగ్గర ఎక్కువగా దొరికేవి అలీగఢ్‌వి, బొంబాయి గోద్రెజ్‌వి (ఆ కంపెనీ పుట్టింది 1897లో), తమిళనాడు దిండిగల్‌వి. దిండిగల్ బీగాలకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది, మామిడికాయ ఆకారం వాళ్ళ పేరున్న రకాల్లో ఒకటి. మన జిల్లా ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి నీదీ అక్కడిది అయ్యుండొచ్చు, కానీ ఆకారం ఒక్కటే చూసి రాసిచ్చేయను, అక్షరాలు చూపించు. ఒక అయస్కాంతం కూడా ఆనించు. ఒళ్ళంతా గట్టిగా పట్టుకుంటే ఇనుము మీద ఇత్తడి పూత. ఒళ్ళు పట్టుకోక కొక్కెం మాత్రమే పట్టుకుంటే అది మామూలే, ఇత్తడి బీగాల్లో చాలావాటికి కొక్కెం ఉక్కుదే.

జవాబు, కందుకూరు నుంచి

నేను ఒప్పుకోనన్నా. అందరూ మ్యూజియం పెట్టుకోరు కదా. మా ఇంట్లో హాల్లో తళతళలాడే బీగాలు అయిదు గోడకి తగిలించాం, వచ్చినవాళ్ళందరూ అడుగుతారు. ఇత్తడి మెరిస్తేనే ఇత్తడి.

జవాబు, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి

మీ గోడ, మీ ఇష్టం. అయితే ఒక మాట. మొన్న మా వీధిలో ఒకాయన "కంపెనీ దొరల కాలంది" అని ఒక బీగం తెచ్చాడు, మందు పోసి చిలుము పట్టించిన కొత్తది. ఎట్లా తెలిసిందంటే, చిలుము కొక్కెం లోపలి వంపులో కూడా దట్టంగా ఉంది. నిజంగా వాడిన బీగానికి ఆ వంపులో గొళ్ళెం ఏళ్ళ తరబడి రాసుకుని పల్లం పడుతుంది, నున్నగా మెరుస్తుంది. చెవి దూర్చే కన్నం అంచు గుండ్రంగా అరిగిపోతుంది. ఆయన దానికి కన్నం అంచు గోరుకి తగిలేంత పదునుగా ఉంది. మొత్తం పాలిష్ కొట్టేస్తే అసలుదానికీ దొంగదానికీ ఈ తేడా చెరిగిపోతుంది, నా బాధ అదే.

జవాబు, ఒంగోలు నుంచి

మా నాన్న నలభై ఏళ్ళు రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేశారు, ఆయన చేసినట్టే చెబుతాను. ఇనపదాన్ని సుత్తితో కొట్టొద్దు బాబూ, రంపం అసలే వద్దు. కిరసనాయిలు దొరికితే సరే, లేదంటే డీజిల్, ఒక డబ్బాలో పోసి బీగం మునిగేలా మూడు రోజులు ఉంచు. పొయ్యికి దూరంగా, మూత పెట్టి. రోజుకోసారి తీసి చెక్కముక్కతో నాలుగు వైపులా మెల్లగా తట్టు, లోపల తుప్పు వదులై నల్లటి నీరులా కారుతుంది. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో తోము. మూలల్లోకి వెదురు పుల్ల, సూది వద్దు. ఇత్తడిదానికి అయితే కుంకుడు రసం చాలు. మీది సముద్రం గాలి తగిలే ఊరు, ఉప్పు లోపల దాగి ఉంటుంది, కాబట్టి కడిగాక బాగా ఆరబెట్టు, ఆరాక పైన పల్చగా వ్యాక్స్ రాయి. కొబ్బరినూనె రాసేవాళ్ళు ఉన్నారు, కొన్నాళ్ళకి జిగురై దుమ్ము పట్టుకుంటుంది. లోపలికి నూనె బదులు పెన్సిల్ ముల్లు గీకిన పొడి ఊదితే చాలు.

ఇత్తడిదానికి చెవి కావాలంటే చేతిపని తెలిసినవాడి దగ్గరికి వెళ్ళు, మిషన్ మీద నకలు కోసేవాడి వల్ల కాదు. నాన్న ఇంకా పళ్ళు కొయ్యని ఖాళీ చెవిని కిరసన దీపం మీద మసి పట్టించి లోపల పెట్టి కొంచెం తిప్పేవారు. బయటికి తీస్తే నల్లటి మసి మీద పలకలు రాసుకున్న చోట సన్నటి మెరుపు గీతలు. ఆ గీతల దగ్గర ఆకురాయితో రెండు గీతలు, మళ్ళీ మసి, మళ్ళీ తిప్పడం. ఒక్కో బీగానికి పూట పట్టేది. తిరిగిన క్షణాన టక్కుమని శబ్దం వచ్చేది, ఆయన తల కూడా ఎత్తేవారు కాదు.

ఇంతకీ ఆ మూడోది, చివర్లో గుండ్రటి చిల్లు ఉన్నది, మర బీగం. దాని చెవికి పళ్ళుండవు, మరమేకులా చుట్లుంటాయి. చిల్లులో పెట్టి తిప్పుతూ పోతే లోపల స్ప్రింగు మీదున్న గడియ మర పట్టుకుని వెనక్కి వచ్చి కొక్కెం వదిలేస్తుంది. నువ్వు రాశావే, తలకి రింగు ఉన్న మరమేకు లాంటిది, అది పారెయ్యలేదు కదా?

ప్రశ్న అడిగినవారు, నాలుగు రోజుల తర్వాత

పారెయ్యలేదక్కా! కానీ ఆ డబ్బా మా మేస్త్రీ తీసుకెళ్ళాడు, మేకులు పనికొస్తాయని. పరిగెత్తి తెచ్చుకున్నా. మొదట తిరగలేదు, డీజిల్ నాలుగు చుక్కలు వేసి రాత్రంతా ఉంచి పొద్దున మళ్ళీ పెట్టా. ఆరు చుట్లు తిరిగాక కొక్కెం దానంతటదే పక్కకి జారింది. అమ్మ చూసి, అమ్మమ్మ దాన్ని వడ్లగదికి వేసేదట, మేనమామలు చిన్నప్పుడు ఎంత వెతికినా చెవి దొరికేది కాదట. మేకుల్లో దాచిందని ఎవరికి తెలుసు!

ఇత్తడిదాని మీద టార్చ్ పెడితే తమిళ అక్షరాలు రెండు కనపడ్డాయి, మూడోది సగం చెరిగింది, అది నా చింతపండు పుణ్యమే అనుకుంటా. ఇనపదింకా డీజిల్‌లోనే ఉంది. ఫొటోలు సాయంత్రం పెడతా, తమిళం చదవగలిగినవాళ్ళు చూసి చెప్పండి.